సలహా ఆపి.. చెవి ఒగ్గిన మనిషి

మా ఆసుపత్రి ఓపీకి ఓ రిటైర్డ్ ఉద్యోగి వచ్చేవారు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. అయినా సిగరెట్లు మానరు. మీరైనా గట్టిగా చెప్పండి డాక్టరుగారూ అని భార్య బతిమాలేవారు. నేనూ గట్టిగానే చెప్పేవాణ్ని. ఆయన బుద్ధిగా తలూపేవారు. నెల తిరిగేసరికి అదే జేబులో అదే పెట్టె! లోపం ఆయనదేనని చాలాకాలం అనుకున్నాను. అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ జీవితం చదివాక నా మాటతీరునూ అనుమానించాల్సి వచ్చింది.

రోజర్స్ 1902 జనవరి 8న షికాగో శివారులోని ఓక్‌పార్క్‌లో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో నాలుగోవారు. తండ్రి సివిల్ ఇంజినీరు. ఇంట్లో క్రైస్తవ నిష్ఠ ఎక్కువ. మద్యం, పేకాట, డాన్సులు, నాటకాలు.. ఏవీ కూడవు. తొలిసారి కూల్‌డ్రింకు తాగినప్పుడు కూడా ఏదో తప్పు చేసినట్టే అనిపించిందట. ఏది మంచో, ఏది చెడో పెద్దలే ముందుగా తేల్చిచెప్పే ఇల్లది. ఆయనకు పన్నెండేళ్లప్పుడు కుటుంబం పొలానికి మకాం మార్చింది. వ్యవసాయం చదువుదామని విస్కాన్సిన్ యూనివర్సిటీలో చేరి, తర్వాత పాస్టర్ అవుదామనుకున్నారు. 1922లో విద్యార్థుల క్రైస్తవ సదస్సు కోసం చైనా వెళ్లొచ్చాక ఇంటి నమ్మకాలకు భిన్నంగా, సొంతంగా ఆలోచించడం మొదలుపెట్టారు. చివరికి మతవిద్య వదిలి న్యూయార్క్‌లోని కొలంబియాలో సైకాలజీకి మారారు.

ఓ తల్లి నేర్పిన పాఠం

1928లో రోచెస్టర్ నగరంలో, పిల్లల సమస్యలు చూసే సంస్థలో ఉద్యోగం వచ్చింది. పన్నెండేళ్లు అక్కడే పనిచేశారు. ఒకసారి అల్లరి మితిమీరిన కొడుకు గురించి ఓ తల్లి వచ్చింది. పసితనంలో ఆమె బిడ్డను దూరం పెట్టడమే కారణమని రోజర్స్ తేల్చారు. అది ఆమెకు తెలిసొచ్చేలా ఎంతో ఓపిగ్గా చెప్పిచూశారు. ఫలితం లేదు. ఇక ఆపేద్దామని ఆయనే అన్నారు, ఆమె సరేనంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. చేస్తామనగానే మళ్లీ కూర్చుని, భర్తతో తన కాపురం ఎంత నలిగిపోయిందో వెళ్లబోసుకుంది. అంతకుముందు చెప్పిన పొడి వివరాలకూ దీనికీ పొంతనే లేదు. ఈసారి రోజర్స్ విన్నారు, అంతే. క్రమంగా కాపురం కుదుటపడింది. కొడుకు తీరూ మారింది. ఎక్కడ నొప్పో, ముందు ఏది తేల్చుకోవాలో ఎదుటి మనిషికే బాగా తెలుసునన్న నమ్మకం ఆయనలో అప్పుడే పాదుకుంది.

1940లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాక కౌన్సెలింగ్ సంభాషణలను రికార్డు చేయించారు. అప్పట్లో అది సాహసమే. తీరా వింటే, కౌన్సెలర్లు తాము అనుకున్నదానికంటే ఎక్కువగా సలహాలు ఇస్తున్నారని, మాటను తమకు కావాల్సిన వైపు లాగుతున్నారని తేలింది. 1942లో వచ్చిన ఆయన పుస్తకంలో ఒక కేసును మొదటి నుంచి చివరి వరకు, పలికిన మాట పలికినట్టే అచ్చువేశారు. పేషెంట్ అనే మాట బదులు క్లయింట్ అనడమూ అలవాటు చేశారు.

1945 నుంచి 1957 వరకు షికాగోలో ఉన్నారు. తీవ్ర మానసిక సమస్య ఉన్న ఒక క్లయింట్‌తో పనిచేస్తూ తానే కుంగిపోయారు. భార్య హెలెన్‌తో ఊరు విడిచి వెళ్లి, తిరిగొచ్చాక సహోద్యోగి దగ్గర తానే చికిత్స తీసుకున్నారు. ఆ సంగతి దాచుకోలేదు.

మనిషి మారగలడన్న నమ్మకానికి ఆయన చెప్పిన పోలిక చిన్నప్పటిది. చలికాలానికని ఇంటి నేలమాళిగలో నిల్వచేసిన బంగాళాదుంపలు, పైన ఎక్కడో ఉన్న చిన్న కిటికీ వెలుగు కోసం పాలిపోయిన మొలకలను సాచేవట. 1987 ఫిబ్రవరి 4న కాలిఫోర్నియాలో, 85 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

మన ఇంట్లో..

రోజర్స్ వేసిన పునాది మీదే సైకాలజిస్టు విలియం మిల్లర్ 1983లో, మద్యం అలవాటున్నవారి కోసం మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతిని ప్రతిపాదించారు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని విస్తరించారు. అలవాటున్న మనిషిలో మానాలనీ ఉంటుంది, వద్దనీ ఉంటుంది. మనం మానమని వాదిస్తే ఆయన రెండోవైపు వకాల్తా పుచ్చుకుంటారు. అందుకే మానాల్సిన కారణాలు ఆయన నోటి నుంచే రానివ్వాలి. మానాలన్న కోరిక పదికి ఎంత ఉందని అడగండి. మూడు అంటే, ఇంతేనా అనకండి. ఒకటి కాకుండా మూడెందుకు అని అడగండి. జవాబులో ఆయన సొంత కారణాలు బయటపడతాయి.

ఇది మందులకు బదులు కాదు. రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

మా పెద్దాయన్ను ఈసారి అలాగే అడిగాను. మనవరాలు వాసనకు మొహం తిప్పుకొంటోందని చాలాసేపటికి చెప్పారు. ఇన్నేళ్లలో నేను చెప్పిన కారణాల్లో అది లేనే లేదు. పూర్తిగా మానలేదు గానీ, తగ్గించారు. తేదీ కూడా ఆయనే పెట్టుకున్నారు.