గాలిలో కలిసే ఆవిరిని పట్టుకున్న ఇంజినీరు



ఇడ్లీ పాత్ర మూత తీస్తూ చెయ్యి కాల్చుకున్న అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. మరిగే నీళ్ల కంటే ఆవిరి ఎక్కువ కాలుస్తుంది. ఎందుకో తెలుసా? 1 కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీల దాకా కాచడానికి సుమారు 70 కిలోకేలరీలు చాలు. ఆ మరిగే నీటినంతా ఆవిరిగా మార్చడానికి ఇంకో 540 కావాలి. అంత వేడి ఆవిరిలో దాగి ఉంటుంది. మూత తీయగానే అది గాలిలో కలిసిపోతుంది.

అలా పోయే వేడిని వదలకుండా వరుసగా రెండు, మూడు సార్లు వాడుకునే పద్ధతిని కనిపెట్టిన మనిషి నార్బర్ట్ రిలియూ. చక్కెర పరిశ్రమలో ఆయన పేరు తెలియని ఇంజినీరు ఉండడు. ఈ నెల మీకు ఆయన కథ చెబుతాను.

రిలియూ 1806 మార్చి 17న అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో పుట్టాడు. తండ్రి విన్సెంట్ తెల్లజాతి ఇంజినీరు. పత్తిని బేళ్లుగా నొక్కే ఆవిరి ప్రెస్సు తయారుచేసినవాడు. మన గుంటూరు పత్తి మిల్లులు చూసినవారికి ఆ పని ఎలాంటిదో తెలుసు. తల్లి కాన్‌స్టాన్స్ నల్లజాతి మూలాలున్న స్వేచ్ఛా మహిళ. అలాంటి ఇద్దరి పెళ్లిని అప్పటి చట్టం ఒప్పుకునేది కాదు. అందుకే పిల్లవాడికి సమాజంలో తండ్రి స్థానం దక్కలేదు. అయినా విన్సెంట్ కొడుకు తెలివిని గుర్తించి, చదువు కోసం పారిస్ పంపాడు. 24 ఏళ్లకే రిలియూ అక్కడ ఇంజినీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పాడు. ఆవిరి యంత్రాల మీద వ్యాసాలు రాశాడు.

1833 ప్రాంతంలో ఒక చక్కెర శుద్ధి కర్మాగారంలో కొలువు కోసం సొంత ఊరికి తిరిగి వచ్చాడు. ఆ కొలువు నిలవలేదు. కానీ చక్కెర ఎలా వండుతున్నారో దగ్గరగా చూశాడు.

చెరకు రసం పెనంలో పోసి బెల్లం వండటం చూసిన మీకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. వరుసగా పెద్ద పెద్ద బానలు, వాటి కింద మంట. మరిగే రసాన్ని పొడవాటి గరిటెలతో ఒక బాన నుంచి ఇంకో బానలోకి పోసేది బానిసలు. ఒళ్లు కాలి ఎందరో గాయపడేవారు. రసం మాడి చక్కెర నల్లబడేది. కట్టెలు గుట్టలు గుట్టలుగా తగలబడేవి. ఆవిరి మాత్రం కప్పు దాటి ఆకాశంలోకి పోయేది.

రిలియూ ఆలోచన ఇది. ఒత్తిడి తగ్గిస్తే నీరు 100 డిగ్రీల కంటే తక్కువ వేడికే మరుగుతుంది. మన ప్రెజర్ కుక్కర్‌లో జరిగేదానికి ఇది తలకిందులు. కాబట్టి రసాన్ని మూసిన పాత్రల్లో ఉంచి, ఒక్కో పాత్రలో ఒత్తిడి క్రమంగా తగ్గిస్తూ పోతే? మొదటి పాత్రను ఇంజిను వాడి వదిలేసిన ఆవిరితో కాస్తారు. అందులోంచి లేచిన ఆవిరి గొట్టాల్లోంచి వెళ్లి రెండో పాత్రను మరిగిస్తుంది. రెండోదాని ఆవిరి మూడోదాన్ని మరిగిస్తుంది. మామూలుగా 1 కిలో ఆవిరితో దాదాపు 1 కిలో నీటినే ఇంకించగలం. మూడు పాత్రలు వరుసగా పెడితే అదే ఆవిరితో దాదాపు 3 కిలోల దాకా ఇంకించవచ్చు. రసం తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి మాడదు. చక్కెర తెల్లగా వస్తుంది.

1843లో మొదటి పేటెంటు, 1846లో రెండోది వచ్చాయి. ఈ మధ్యలో 1845లో ఒక తోటలో యంత్రం బాగా పనిచేసింది. తోటల యజమానులు లాభం చూశారు. గరిటెల పని తగ్గింది కానీ తోటల్లో బానిసత్వం మాత్రం పోలేదు. రిలియూ నైపుణ్యం కావాల్సినవారు కూడా ఆయన్ని తమతో సమానంగా చూడలేదు. యెల్లో ఫీవర్‌తో జనం చనిపోతుంటే, నగరం చుట్టూ ఉన్న చిత్తడి నేలల నీరు బయటకు పంపే ప్రణాళిక గీసి ఇచ్చాడు. నగర అధికారులు దాన్ని తిరస్కరించారు. నల్లజాతివారి మీద ఆంక్షలు పెరగడంతో ఆయన పారిస్‌కు వెళ్లిపోయాడు.

అక్కడ కొన్నేళ్లు ఈజిప్టు ప్రాచీన లిపి చదివాడు. తర్వాత మళ్లీ ఆవిరి దగ్గరికే వచ్చాడు. బీట్‌రూట్ చక్కెర తయారీకి మెరుగైన పద్ధతి రూపొందించి 1881లో పేటెంటు తీసుకున్నాడు. అప్పుడాయన వయసు 75. 1894 అక్టోబరు 8న కన్నుమూశాడు.

మీరు విజయవాడ దాటి ఉయ్యూరు వైపు వెళ్తే చక్కెర ఫ్యాక్టరీ కనిపిస్తుంది. ఇలాంటి ఫ్యాక్టరీల్లో చెరకు పిప్పిని మండించి ఆవిరి పుట్టిస్తారు. టర్బైన్ తిప్పాక మిగిలిన తక్కువ ఒత్తిడి ఆవిరితోనే, రిలియూ చూపిన దారిలో రసాన్ని చిక్కబరుస్తారు. పాలపొడి తయారీలోనూ ఇదే సూత్రం. ఇక పల్నాడుకు ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున విష్ణుపురం సిమెంటు ఫ్యాక్టరీలో బట్టీ నుంచి వచ్చే వేడి వాయువులతో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తున్నారు. వృథాగా పోయేదాన్ని పట్టుకోవడం అన్న ఆలోచన ఒక్కటే, వాడుక వేరు.

మన పిల్లలు గుప్తోష్ణం అనే పాఠాన్ని సూత్రంగా బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. అది అవసరమే. కానీ రిలియూకు ఉపయోగపడింది సూత్రంతో పాటు, ఆ ఆవిరి ఎటు పోతోందన్న ప్రశ్న కూడా. సమాజం ఇవ్వని స్థానాన్ని ఆయన తండ్రి ఇప్పించలేకపోయాడు, చదువు మాత్రం ఇప్పించాడు. తల్లిదండ్రులుగా మన చేతిలో ఉన్నదీ అదే కదా.

ఈ ఆదివారం ఇడ్లీ పాత్ర దించేటప్పుడు మీ అబ్బాయినో అమ్మాయినో కాస్త దూరంగా నిలబెట్టి, ఆ ఆవిరిని చూపించండి. అది ఎటు పోతోందో అడగండి. జవాబు వెంటనే చెప్పకండి. వాళ్లు ఏమన్నారో వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో నాకు తప్పకుండా చెప్పండి.