చేదు గిన్నె నేర్పిన మెలకువ
(జపాన్ భిక్షువు ఏసాయ్ జీవితం)





మన జమ్మలమడుగులో పొద్దు మొదలయ్యేది టీతోనే. బండల పనికి పొయ్యేవాళ్లు, శనగ చేనికి పొయ్యేవాళ్లు, మగ్గం ముందు కూచునేవాళ్లు, అందరి చేతిలో ఒక గ్లాసు ఉంటుంది. చిక్కటి పాలు, దండిగా చక్కెర. ఆ గ్లాసులో మన చరిత్ర కూడా ఉంది. ఊళ్లల్లో టీ హోటలు ముందర మన అవ్వాతాతలకు వేరే గ్లాసు పెట్టినారు. తాగినంక తామే కడిగి, తామే పక్కన పెట్టి రావాలి. 1927లో మహాడ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగినప్పుడు బాబాసాహెబ్ ఎదిరించింది ఇట్లాంటి అవమానాన్నే.

పొద్దు గుంకితే మన ఇండ్లల్లోకి ఇంకో గ్లాసు వస్తుంది. అది మందు గ్లాసు. దాని గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. దానివల్ల తాళిబొట్టు తాకట్టు పడిన ఇల్లు, బిడ్డ చదువు ఆగిన ఇల్లు ప్రతి వాడలోనూ ఉంది.

ఈ రెండు గ్లాసుల గురించీ ఆలోచింపజేసే ఒక భిక్షువు జీవితాన్ని ఈసారి చెప్పుకుందాం. ఆయన పేరు ఏసాయ్. జపాన్‌లో గ్రీన్ టీ అలవాటును నిలబెట్టినవాడు, జెన్ ధమ్మాన్ని అక్కడ నాటినవాడు.

బుద్ధుని నేల చూడాలనే కోరిక

ఏసాయ్ 1141లో జపాన్‌లోని బిచ్చూ అనే సీమలో పుట్టినాడు. ఇప్పుడు ఆ ప్రాంతాన్ని ఒకయామా అంటారు. పుట్టింది పూజారి కుటుంబంలో. చిన్ననాడే భిక్షువై, ఆ రోజుల్లో బౌద్ధ విద్యకు పెద్ద కేంద్రమైన హియే కొండ మీద చదువుకున్నాడు. అయితే అక్కడ ఆయనకు తృప్తి కలగలేదు. విహారాలకు భూములు పెరిగినాయి, ఆయుధాలు పట్టిన సన్యాసులు పెరిగినారు, శీలం తగ్గింది. ధమ్మం ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే పోయి నేర్చుకోవాలనుకున్నాడు.

1168లో ఓడ ఎక్కి చైనాకు పోయినాడు. తియాన్‌తాయ్ కొండ చూసి, గ్రంథాలు తీసుకొని ఆ సంవత్సరమే తిరిగొచ్చినాడు. పంతొమ్మిదేళ్ల తర్వాత, 1187లో మళ్లీ బయలుదేరినాడు. ఈసారి ఆయన గమ్యం చైనా కాదు, మన దేశం. బుద్ధుడు నడిచిన నేలను కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక. దారిలోని దేశాలు శత్రువుల చేతుల్లో ఉన్నాయని చైనా అధికారులు అనుమతి ఇవ్వలేదు. ఏసాయ్ భారతదేశం చూడకుండానే ఆగిపోయినాడు.

ఒకవేళ వచ్చింటే ఏం చూసేవాడు? అప్పటికే ఇక్కడ ధమ్మం వాడిపోతోంది. మరికొద్ది ఏళ్లకే నలందా కూలిపోయింది. మన కడప సీమలో చెయ్యేరు ఒడ్డున నందలూరు దగ్గరి స్తూపాల మాదిరే, ఎన్నో చోట్ల ఆనవాళ్లు మట్టి కింద మిగిలినాయి. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ దీక్ష తీసుకొని, లక్షల మందికి దీక్ష ఇచ్చేదాకా, అంటే ఏసాయ్ ఆ ప్రయాణం కట్టిన 769 ఏళ్లదాకా, ఈ నేల ఎదురుచూడాల్సి వచ్చింది.

మన తెలుగు నేలకు, ఏసాయ్ నేర్చిన మార్గానికి ఒక దగ్గరి సంబంధం ఉంది. జెన్ వాళ్లు తమ గురు పరంపర చెప్పేటప్పుడు పద్నాలుగో గురువుగా ఆచార్య నాగార్జునుణ్ణి చెప్తారు. నాగార్జునకొండ పేరు తెలిసిన మనకు ఈ మాట కొత్తగా ఉండదు.

సంచిలో టీ గింజలు

దారి మూసుకుపోయిందని ఏసాయ్ వట్టి చేతులతో తిరిగిపోలేదు. చైనాలోనే నాలుగేళ్లు ఉండి, హుయైచాంగ్ అనే జెన్ గురువు దగ్గర ధ్యానం నేర్చుకున్నాడు. అక్కడి విహారాల్లో ఆయన ఒక పద్ధతి గమనించినాడు. భిక్షువులు గంటల తరబడి ధ్యానంలో కూచుంటారు. నిద్ర ముంచుకు రాకుండా టీ తాగుతారు. ఆ తాగడం కూడా గబగబా గొంతులో పోసుకోవడం కాదు. వరుసగా కూచోని, మాట లేకుండా, ఎరుకతో తాగుతారు.

1191లో తిరిగొచ్చేటప్పుడు గురువు ఇచ్చిన గుర్తింపుతో పాటు టీ గింజలు కూడా తెచ్చుకున్నాడు. క్యూషూ దీవిలో సెఫురి కొండ మీద వాటిని నాటినాడని చెప్తారు. కొన్ని గింజలను క్యోటో దగ్గర కోజాన్-జి విహారంలో ఉన్న మ్యోయే అనే భిక్షువుకు ఇచ్చినాడని, ఆయన తోగనో కొండల్లో పెంచిన తోట టీ తర్వాత దేశమంతా పేరు పొందిందని అంటారు.

అంతకు ముందు జపాన్‌కు టీ తెలియదని కాదు. 815లోనే ఒక భిక్షువు సాగా చక్రవర్తికి టీ కాచి ఇచ్చినట్టు రికార్డు ఉంది. ఆ తర్వాత ఆ అలవాటు పెద్దగా సాగలేదు. ఏసాయ్ గింజలతో పాటు పెంచే పద్ధతి, తాగే పద్ధతి, తాగాల్సిన కారణం కూడా తెచ్చినాడు. అందుకే ఈసారి అది నిలబడింది.

టీ గురించి ఇంకో కథ కూడా ప్రచారంలో ఉంది. బోధిధర్ముడు ధ్యానంలో కునుకు తీసినందుకు తన కనురెప్పలు కోసి పారేస్తే, అవే టీ మొక్కలైనాయంట. ఇది కథ మాత్రమే. ఆయన కాలానికి ముందే చైనావాళ్లకు టీ తెలుసు. అద్భుతాలు నమ్మాల్సిన అవసరం మనకు లేదు.

ఎదురుదెబ్బలు

కొత్త మార్గాన్ని పాత విహారాలు ఓర్చుకోలేదు. హియే కొండవాళ్లు ఒత్తిడి తెచ్చి 1194లో జెన్ బోధనను నిషేధింపజేసినారు. ఏసాయ్ పోట్లాటకు దిగలేదు, వెనక్కీ తగ్గలేదు. 1195లో హకాతాలో షోఫుకు-జి విహారం కట్టినాడు. 1198లో తన మార్గాన్ని సమర్థిస్తూ ఒక గ్రంథం రాసినాడు. సైనిక పాలకులున్న కామకురాకు పోయి, 1200లో జుఫుకు-జి, 1202లో రాజధాని క్యోటోలో కెన్నిన్-జి స్థాపించినాడు. పాలకుల అండ కోసం అంతగా తిరగడమేమిటని ఆయన్ను విమర్శించినవాళ్లూ ఉన్నారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ అండను ఆయన సుఖాల కోసం వాడుకోలేదనడానికి ఒక సంగతి చాలు.

కెన్నిన్-జిలో ఉన్నప్పుడు ఒక పేదవాడు వచ్చి, ఇంట్లో పొయ్యి వెలిగి కొన్ని రోజులైందని, భార్యాబిడ్డలు చచ్చిపోయేటట్టున్నారని చెప్పుకున్నాడు. విహారంలో ఇవ్వడానికి తిండి లేదు, బట్ట లేదు, డబ్బు లేదు. భైషజ్య బుద్ధుని విగ్రహానికి తేజోవలయం చేయించాలని దాచిన రాగిరేకు మాత్రం ఉంది. ఏసాయ్ దాన్ని విరిచి, చుట్ట చుట్టి, అమ్ముకొని తిండి తెచ్చుకోమని ఇచ్చేసినాడు. బుద్ధుని సొత్తు ఇచ్చేయడం తప్పు కాదా అని శిష్యులు అడిగినారు. ఒప్పుకున్నాడు. తప్పే కావచ్చు, దానికి తాను నరకానికి పోవాల్సి వచ్చినా సరే, కళ్లెదుట ఆకలితో ఉన్న మనిషిని వదలలేనన్నది ఆయన సమాధానం. ఇది తర్వాత కాలంలో అదే విహారంలో చదువుకున్న డోగెన్ అనే గొప్ప గురువు తన శిష్యులకు చెప్పిన సంగతి. విగ్రహానికి మెరుగు పెట్టడం కన్నా ఆకలి తీర్చడం పెద్దదని ఆ కాలంలోనే తేల్చి చెప్పిన భిక్షువు ఆయన.

తాగిన పాలకునికి టీ గిన్నె

1211లో, డెబ్భై ఏళ్ల వయసులో ఏసాయ్ టీ మీద ఒక చిన్న పుస్తకం రాసినాడు. పేరు కిస్సా యోజోకి. టీ తాగి ఆయుష్షు కాపాడుకోవడం గురించి అన్నమాట. జపాన్‌లో టీ మీద వచ్చిన మొదటి పుస్తకం అదే.

1214లో మూడో షోగన్ సనెతొమొకు ఒంట్లో బాగాలేకపోయింది. చూస్తే, అది ముందు రాత్రి తాగిన మద్యం తాలూకు బాధ. అప్పుడతనికి ఇరవై ఒక్కేళ్లు. దేశం ఏలేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు కంగారు పడినారు. ప్రార్థన కోసం పిలిపించిన ఏసాయ్ సంగతి అర్థం చేసుకొని, తన విహారం నుంచి ఒక గిన్నె టీ తెప్పించి తాపినాడు. దానితో పాటు తన పుస్తకం కూడా ఇచ్చినాడు. సనెతొమొ సంతోషించినాడని ఆనాటి రాజ్య చరిత్రలో రాసి ఉంది.

ఏసాయ్ చేసిన పని గమనించండి. తాగినందుకు తిట్టలేదు, తాగినా ఏం కాదులే అనీ అనలేదు. చేతిలోని ఒక గిన్నె బదులు ఇంకో గిన్నె పెట్టినాడు. మత్తు ఇచ్చేదాని స్థానంలో మెలకువ ఇచ్చేదాన్ని పెట్టినాడు. పంచశీలలో ఐదో శీలానికి ఇంతకన్నా సులువైన వ్యాఖ్యానం దొరకదు.

మరుసటి సంవత్సరం, 1215లో, ఏసాయ్ కన్నుమూసినాడు. క్యోటోలోని కెన్నిన్-జిలో ఇప్పటికీ ప్రతి ఏప్రిల్ 20న ఆయన పేరు మీద పాత పద్ధతిలో టీ సేవ జరుగుతుంది.

ఆయన రాసిందంతా నమ్మాలా?

వద్దు. కాలాములకు బుద్ధుడు నేర్పిన పద్ధతి మనకుంది. గ్రంథంలో ఉందనీ, గురువు చెప్పినాడనీ దేన్నీ ఒప్పుకోకూడదు, పరీక్షించాలి.

ఏసాయ్ లెక్కలో ఐదు అవయవాలకు ఐదు రుచులు. గుండెకు చేదు కావాలి, జపాన్‌వాళ్లు చేదు తినరు, కాబట్టి టీ తాగాలి అన్నాడు. నీళ్లు ఊరికే తాగాలనిపించే జబ్బుకు మల్బరీ ఆకు వాడమన్నాడు. అది ఇప్పటి షుగరు జబ్బే అయ్యుండాలంటారు. కొన్ని రోగాలకు దయ్యాలే కారణమనీ రాసినాడు. ఇదంతా ఆ కాలం జ్ఞానం. దయ్యాల మాట మనం వదిలేయాలి.

మరి ఈ కాలం సైన్సు ఏమంటుంది? గ్రీన్ టీ ఆకును కోసిన వెంటనే ఆవిరి పట్టి గానీ వేయించి గానీ ఆరబెడతారు. అందువల్ల అందులోని కాటెచిన్లు అనే పదార్థాలు బాగా నిలుస్తాయి. కెఫీన్, థియానిన్ కూడా ఉంటాయి. ఆ కెఫీన్ వల్లనే ధ్యానంలో కునుకు రాదు. జపాన్‌లోని మియాగి ప్రాంతంలో 40,530 మందిని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన ఒకటి 2006లో వచ్చింది. రోజుకు ఐదు కప్పులు, ఆపైన తాగేవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో చావులు తక్కువగా కనపడినాయి. క్యాన్సరు చావుల్లో తేడా కనపడలేదు. అయితే గ్రీన్ టీ వల్లనే ఆ తేడా వచ్చిందని ఖాయంగా చెప్పలేం. వాళ్ల తిండి, నడవడిక కూడా కారణం కావచ్చు.

మనకు ఖాయంగా కలిగే లాభం ఇంకొకటుంది. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర చొప్పున తాగే మనిషి, అందులో రెండు మానేసి చక్కెర లేని గ్రీన్ టీ తాగితే నాలుగు చెంచాల చక్కెర తప్పుతుంది. షుగరు జబ్బు బాబాసాహెబ్‌ను ఎంత బాధపెట్టిందో మనకు తెలుసు.

రుచి ఎట్లా నేర్చుకోవాలి?

మొదటిసారి తాగినవాళ్లు కషాయం మాదిరి ఉందంటారు. చాలాసార్లు తప్పు ఆకుది కాదు, కాచే పద్ధతిది. పాల టీ మాదిరి ఆకును నీళ్లల్లో ఉడకబెట్టకూడదు. నీళ్లు తెర్లినంక దించి, ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. కప్పుకు ఒక చిన్న చెంచా ఆకు వేసి, రెండు నిమిషాలు మూత పెట్టి వడగట్టాలి. పాలు వద్దు, చక్కెర వద్దు. చేదు తగ్గి కమ్మదనం తెలుస్తుంది. మనం కాకరకాయ తినడం నేర్చుకున్నవాళ్లమే. రెండు వారాలు ఓపిక పడితే నాలుక దారికొస్తుంది.

కొన్ని జాగ్రత్తలు:

అన్నంతో పాటు తాగొద్దు. తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రక్తం తక్కువున్న ఆడవాళ్లు ముఖ్యంగా గంటన్నా ఎడం ఇవ్వాలి.

గర్భిణులు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడిగి తాగాలి. సాయంత్రం పొద్దుపోయినంక తాగితే నిద్ర పట్టకపోవచ్చు.

షుగరు, బీపీ మాత్రలు ఆపి దీన్ని తాగొద్దు. సన్నబడతామని అమ్మే గ్రీన్ టీ సారం మాత్రల జోలికి పోవద్దు. వాటివల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్నది.

ఏళ్ల తరబడి మందుకు బానిసైన మనిషిని టీ ఒక్కటే బాగు చేయలేదు. ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, ఫిట్స్ రావడం ఉంటుంది. అట్లాంటివాళ్లను ఆసుపత్రికి తీసుకుపోవాలి, తోడుగా నిలబడాలి.

మనం చేయగలిగింది

బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టననే మాట ఉంది. దీక్షనాడు నోటితో చెప్పడం సులభం. ప్రతిరోజూ పొద్దుగుంకే వేళ, కూలి డబ్బు జేబులో ఉన్న వేళ నిలబెట్టుకోవడం కష్టం. మానుకోవడం సగం పని. ఆ వేళకు ఆ చేతిలో ఏం పెట్టుకుంటాం, ఎవరి పక్కన కూచుంటాం అన్నది మిగతా సగం.

అందుకే పౌర్ణమి వందన అయినంక, లేదా వారానికొక సాయంత్రం, పది మంది కూచోని తాగి చూడండి. ఒకటే కుండలో నీళ్లు, అందరికీ ఒకటే రకం గ్లాసులు. ఎవరి గ్లాసూ వేరుగా ఉండదు. ఐదు నిమిషాలు మాట లేకుండా ఆవిరి చూస్తూ, వాసన చూస్తూ, చేదు నాలుక మీద తెలుస్తుండగా తాగండి. తర్వాత మాట్లాడుకోండి. ఆ సాయంత్రం ఎవరైనా మందు అంగడి వైపు పోలేదంటే, ఏసాయ్ చూడలేకపోయిన ఈ నేలకు ఆయన గిన్నె చేరినట్టే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!