సేవామూర్తి డాక్టర్ అన్నా కుగ్లర్

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1856లో జన్మించిన అన్నా సారా కుగ్లర్ 1879లో వైద్యపట్టా పొంది, 1883లో లూథరన్ మిషన్ పక్షాన గుంటూరు చేరారు. మిషన్ వారు తొలుత ఆమెకు అప్పగించినది వైద్యం కాదు, ఘోషాలోని ముస్లిం స్త్రీలకు చదువు చెప్పే పని. పురుషవైద్యుని ఎదుటికి రావడానికి స్త్రీలు జంకే రోజులవి. పాఠాలు చెబుతూనే ఆమె రోగులనూ చూడసాగారు. ఆ ఓర్పు ఫలించి 1898లో స్త్రీల ఆస్పత్రి వెలిసింది. అక్కడే తెలుగు యువతులు పుస్తకవిద్యను రోగి ప్రక్కన, శస్త్రచికిత్స గదిలో చేతిపనిగా అభ్యసించి నర్సులైనారు. 1930లో గుంటూరులోనే ఆమె కన్నుమూశారు.

మన శ్రీకాకుళం, విజయనగరం సీమల నుండి నర్సింగు ముగించి తొలిసారి ఆపరేషన్ గదిలో అడుగిడే సోదరీమణులకు చేయి వణకడం సహజం. పట్టా ఉండీ ఓర్పుతో పని సాధించుకొన్న కుగ్లర్ జీవితం వారికి ధైర్యమిచ్చుగాక!