మళ్ళీ అంత వాన పడితే?

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు ఆంధ్రాలోని ఒక ఊరిది. పుట్టిందేమో చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో. అమ్మతో కన్నడం, నాన్నతో తెలుగు మాట్లాడే మాలాంటి ఇళ్ళల్లో ఆయన రెండువైపులా చుట్టమే. కన్నంబాడి కట్ట కథ మనందరికీ తెలుసు. నాకు మాత్రం ఆయన హైదరాబాదులో వేసిన లెక్క ఎక్కువ నచ్చింది.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బి.ఏ. చదివారు. తర్వాత పూణేలో ఇంజనీరింగ్. బొంబాయి ప్రభుత్వంలో దాదాపు పాతికేళ్ళు చేసి 1908లో ఆ ఉద్యోగం వదిలేశారు.

ఆ ఏడాదే సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో వెళ్ళారు. వెళ్ళగానే ఫలానాది కట్టండి అని చెప్పెయ్యలేదు. ముందు వానల లెక్కలు తెప్పించారు. నగరానికి ఎగువన 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగాయని తేల్చారు. మళ్ళీ అంత వాన పడితే ఎన్ని నీళ్ళొస్తాయి, ఎక్కడ ఎంత ఆపితే ఊరు మునగదు అని కాగితం మీదే వరదను నడిపించి చూశారు. ఇప్పుడు కంప్యూటర్లో ఇలా చేసి చూడడాన్నే సిమ్యులేషన్ అంటున్నారు. కాగితం మీద తప్పితే దిద్దుకోవచ్చు, ఏటి ఒడ్డున తప్పితే మనుషులు పోతారు. రోజూ వాన కొలిచి పుస్తకంలో రాసిపెట్టిన, మనకు పేరు తెలియని ఉద్యోగులు లేకపోతే ఆ లెక్కా లేదు.

ఆ లెక్క వల్లే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. వరద ఆపడానికి తలపెట్టినవి ఊరికి తాగునీళ్ళు కూడా ఇచ్చాయి.

మైసూరులోనూ అదే పద్ధతి. 1911లో మొదలైన ఆర్థిక సమావేశంలో చదువు, వ్యవసాయం, పరిశ్రమలకు వేరువేరు కమిటీలు పెట్టించారు. 1912 నుంచి 1918 దాకా దివానుగా ఉన్నారు. దేశానికి పదేళ్ళ ప్రణాళిక ఎలా ఉండాలో 1934లో అంకెలతో సహా పుస్తకం రాశారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962లో కన్నుమూశారు.

మన సండూరుకూ ఒక లెక్క బాకీ ఉంది. గనులు తవ్విన కొండల మీద గట్టి వాన పడితే నారిహళ్ళ డ్యాంలోకి ఎన్ని నీళ్ళు, ఎంత ఎర్రమట్టి వస్తాయి? అది వచ్చాక కాదు, రాకముందే వేసుకోవాల్సిన లెక్క. ఆర్ట్స్ వాళ్ళకెందుకులే అనకండి. ఆయనా మొదట బి.ఏ.నే.