గోడమీది పల్లెసీమ

సెలవునాడు నగరము విడిచి మేడ్చల్ వైపునకో, శామీర్‌పేట చెరువుగట్టునకో బస్సెక్కి పోవుట మనకు వింత కాదు. అట్టి ప్రయాణమునకు జనులను చిత్రముతోను, కవితతోను పిలువవచ్చునని లండను నగరమున చూపినవాడు ఫ్రాంక్ పిక్.

ఈయన 1878లో ఇంగ్లండునందలి స్పాల్డింగు పట్టణమున ఒక బట్టల వర్తకుని యింట జన్మించెను. న్యాయవాదిగా అర్హత పొంది, రైల్వే కొలువులో చేరి, 1906లో లండను భూగర్భ రైలు సంస్థకు వచ్చెను. రెండేండ్లకు ప్రకటనల బాధ్యత ఆయన చేతికి వచ్చెను. తాను చిత్రకారుడు కాడు. చిత్రకారులను ఏరుకొనుటలో మాత్రము మేటి. పనివేళల కిటకిటలాడు బండ్లు తక్కిన వేళల ఖాళీగా తిరుగుచుండెను. వానిని నింపుటకై ఆయన బండ్ల గొప్ప చెప్పలేదు. దారి చివరనున్న అడవులను, పొలములను గోడల కెక్కించెను. వ్యాపారమే, కాదనలేము.

1916 నాటికి సంస్థ ప్రయాణికు లనేకులు యుద్ధమునకై ఫ్రాన్సునకు పోయి యుండిరి. వారి బసలలో తగిలించుకొనుటకై సంస్థ కొన్ని చిత్రములు పంపెను. జార్జి క్లౌసెన్ గీసిన యొక పల్లెసీమ చిత్రమునకు శామ్యూల్ రోజర్స్ అను పూర్వకవి పద్యము తోడయ్యెను. ఎక్కవలసిన రైలు సముద్రమున కావల నుండెను. ఆ సైనికులకు టిక్కెట్టు అమ్ముట యెట్లు? ఆయన కాలపు ప్రకటనలలో ఇదియే నాకు మిన్నగా తోచును.

1933లో లండను రవాణా ఒక్క బోర్డు క్రిందికి రాగా, ఆయన ముఖ్యనిర్వాహకుడై 1940 వరకు దానిని నడిపెను. సర్ బిరుదమును వలదనెను. 1941 నవంబరు 7న మరణించెను. ఆ గోడచిత్రములు నేడు లండను రవాణా మ్యూజియమున నున్నవి.