పోస్టుకార్డు రానివాళ్ళ మాట – జార్జ్ గాలప్ జీవితం

లక్షమంది ఓటేశారని ఫోనులో ఏ సర్వే కనిపించినా మనం ఇట్టే నమ్మేస్తాం. ఆ లక్షమంది ఎవరని అడగడం నేర్పిన వారిలో ముఖ్యులు జార్జ్ గాలప్.

గాలప్ 1901 నవంబరు 18న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, జెఫర్సన్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. చదువుకునే రోజుల్లో ఇంటింటికీ పాలు పోసి, ఆ డబ్బుతో హైస్కూలులో పత్రిక పెట్టారు. మన పత్రిక కోసం చందాలు పోగుచేసిన మాకు ఈ సంగతి భలే నచ్చింది! 1928లో డాక్టరేట్ పొంది, 1935లో ప్రజాభిప్రాయ సంస్థను స్థాపించారు.

మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికలొచ్చాయి. లిటరరీ డైజెస్ట్ అనే పెద్ద పత్రిక కోటిమందికి పోస్టుకార్డులు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి, రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని, లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. అంతకుముందు వరుసగా ఐదు ఎన్నికల్లో దాని జోస్యం తప్పలేదు మరి. గాలప్ మాత్రం దాదాపు 50 వేలమందిని అడిగి రూజ్‌వెల్టే గెలుస్తాడన్నారు. డైజెస్ట్ కార్డులు పంపకముందే, దాని లెక్క ఎలా తప్పబోతోందో కూడా పత్రికల్లో రాశారు. చివరికి 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌వే.

కిటుకు చిరునామాల్లో ఉంది. డైజెస్ట్ వాటిని ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్టర్ల నుంచి తీసుకుంది. ఆ కరువు రోజుల్లో ఫోను, కారు ఎవరింట్లో ఉంటాయి? పేదలకు కార్డే అందలేదు. అందినవాళ్ళలోనూ రూజ్‌వెల్ట్ అంటే గిట్టనివాళ్ళే ఎక్కువ పట్టుదలగా జవాబు రాశారు. మెస్సు కూర గురించి వాట్సాప్‌లో అడిగితే, ఫోను లేని ఆరో తరగతి తమ్ముళ్ళ మాట మనకెలా తెలుస్తుంది? కార్డులు రెండు కోట్లు పంపినా ఈ తప్పు పోయేది కాదు. 1938లో డైజెస్ట్ మూతపడింది.

గాలప్‌ను దేవుణ్ణి చేయడం మా ఉద్దేశం కాదు. 1948లో డ్యూయీ గెలుస్తాడని ఆయనా చెప్పారు, గెలిచింది ట్రూమన్. ఎన్నికలకు చాలా ముందే అడగడం ఆపేశారు. పైగా ఆడవాళ్ళు ఇంతమంది, మగవాళ్ళు ఇంతమంది అని కోటా ఇచ్చి, మనుషుల ఎంపికను సర్వే చేసేవాళ్ళ ఇష్టానికి వదిలేశారు. వాళ్ళు సులువుగా దొరికినవాళ్ళనే అడిగారు. ఆ దెబ్బతో గాలప్ పద్ధతి మార్చారు. ఏ ఇల్లు అడగాలో లాటరీ తీసినట్టు ముందే తేల్చి, ఆ ఇంటికే మనిషిని పంపించారు.

1984 జులై 26న స్విట్జర్లాండులో గాలప్ కన్నుమూశారు.