వేంగి వరాహధ్వజము – రాజరాజనరేంద్రుడు

రాజరాజనరేంద్రుని పేరు చెప్పినంతనే మనకు నన్నయభట్టును, ఆంధ్రభారతమును జ్ఞప్తికి వచ్చును. ఆ ప్రభువు ఆయుష్కాలమును కావ్యగోష్ఠికంటె కదనమే యెక్కువగా హరించినదని యెరిగినవారు కొలదిమంది. ఏలూరునకు ఉత్తరమున, నేటి పెదవేగిలో దిబ్బలుగా మిగిలిన వేంగీనగరముపై నెవరి ధ్వజ మెగురవలెనన్నదే ఆ కలహమునకు మూలము. రాజధాని రాజమహేంద్రవరమునకు తరలినను, దేశమునకును సింహాసనమునకును వేంగి పేరే నిలిచినది.

ఆనాటి ధ్వజపటములు మట్టిలో కలసినవి. వాని గురుతులు తామ్రశాసనముల ముద్రికలపై దక్కినవి. శాలంకాయనుల ముద్రికలపై వృషభము. విష్ణుకుండినుల ముద్రికలపై సింహము. 7వ శతాబ్ది ప్రారంభమున రెండవ పులకేశి కొల్లేటి నీరు నెత్తురుతో కలియునట్లు పోరి, వేంగిని గెలిచి, తమ్ముడగు కుబ్జవిష్ణువర్ధనుని ఇచట నిలిపెను. దానితో వరాహము వచ్చినది. అన్న లాంఛనమే తమ్మునిదియు నయ్యెను. చిక్కంతయు నిచ్చటనే యున్నది. 973లో తైలపుడు రాష్ట్రకూటులను కూలద్రోసి పశ్చిమమున చాళుక్యరాజ్యమును పునరుద్ధరింపగా, పిమ్మట కల్యాణి నేలిన ఆయన వంశీయులును వరాహమునే ధరించి, వేంగి తమ యింటి సొత్తే యన్నట్లు దండెత్తసాగిరి.

రాజరాజు తండ్రి విమలాదిత్యుడు. తల్లి తంజావూరి రాజరాజచోళుని కూతురు కుందవ. తాత పేరే మనుమనికి వచ్చినది. తండ్రి గతించిన పిమ్మట సవతితల్లి కొడుకు విజయాదిత్యుడు సింహాసనమునకు పోటీ వచ్చెను. అతనికి పశ్చిమ చాళుక్యుడు జయసింహుడు బాసట. రాజరాజునకు మేనమామ రాజేంద్రచోళుడు. మామ సేనల యండతోనే 1022 ఆగస్టు 16వ తేదీన రాజరాజునకు పట్టాభిషేకము జరిగెను. మామ కూతురు అమ్మంగదేవియే ఆయనకు పట్టమహిషి.

1031 ప్రాంతమున విజయాదిత్యుడు మరల రాజ్యమును లాగికొనెను. చోళసేన మరల రావలసివచ్చెను. కొల్లేటి దరినున్న కలిదిండికడ జరిగిన ఘోరయుద్ధమున చోళసేనానులు ముగ్గురు నేలకొరిగిరి. వారి పేర రాజరాజు మూడు శివాలయములు నిలిపి దానము లిచ్చెనని కలిదిండి శాసనము తెలుపుచున్నది. కృతజ్ఞత మెచ్చదగినదే. కాని వేంగిరాజు వేంగిగడ్డపై స్మారకములు కట్టించినది పరదేశపు సేనానులకు! ఇది చదివినపుడెల్ల మనసు చివుక్కుమనును.

రాజరాజు ముద్రికపై వరాహమును, అంకుశమును, సూర్యచంద్రులును, శ్రీత్రిభువనాంకుశ బిరుదమును గలవు. ఆయన వరాహముద్రగల బంగారు నాణెములు అరకాను తీరపు దీవులలో సయితము దొరకినవి. మరి మామగారి ముద్రికల మాట యేమి? వానిపై ప్రధానముగ కూర్చున్నది పులి. సరసను పాండ్యుల మీనములు, చేరుల విల్లు, వానితోపాటు వరాహము. ఆ వరాహము కల్యాణివారిదా, వేంగివారిదా యని మనము వివాదపడవచ్చును. చెక్కించినవారికి మాత్ర మా భేదము పట్టినట్లు తోచదు.

1042 తరువాత కల్యాణి సోమేశ్వరుని దండయాత్రలు మొదలయ్యెను. ఆయన కుమారుడు వేంగీపురవరేశ్వర బిరుదమును ధరించెను. రాజరాజు పడమటివారికిని తలయొగ్గక తప్పలేదు. 1053లో నన్నయ రచించిన నందంపూడి శాసనముతో నారాయణభట్టునకు అగ్రహారమిచ్చినది ఈ సంకటకాలముననే. ఇరువైపుల బరువు నడుమ నొకరాజు తెలుగు నుడికి పట్టముగట్టుటను మనము తక్కువ చేయరాదు.

1061 ప్రాంతమున ఆయన కన్నుమూయగా వేంగి మరల విజయాదిత్యుని వశమయ్యెను. కొడుకు రాజేంద్రుడు 1070లో మాతామహుల చోళసింహాసన మెక్కి కులోత్తుంగుడను పేర వెలసెను. తండ్రి జన్మమంతయు కాపాడ జూచిన వరాహమును కాదని పులిధ్వజమును చేపట్టినవాడు ఆయన కొడుకే. విజయాదిత్యుని యనంతరము వేంగికి కులోత్తుంగుని కుమారులు ప్రతినిధులుగ వచ్చిరి. వారిలో నొకడగు వీరచోడుని చెల్లూరు శాసనముద్రికపై వరాహమును, త్రిభువనాంకుశ బిరుదమును మునుపటివలెనే యున్నవి. ఆజ్ఞలు మాత్రము గంగైకొండచోళపురమునుండి వచ్చుచుండెను.